జొన్న క్షేమమే

బాలివాన్, క్లేర్ కౌంటీ
6 మార్చి 2021

పెద్దనాన్నా,

దండాలూ దీవెనలూ మీ తరంతోనే పోనివ్వండి, నేను నేరుగా సంగతిలోకి వస్తాను. మీ బండి బాగుంది. మీ కుక్క జొన్న బాగుంది. మీరు ఇరవై ఏళ్ళుగా భుజాన మోస్తున్న ఈ దేశం మాత్రం బాగాలేదు.

గాల్వేలో గది ఖాళీ చేశాను. క్లాసులన్నీ తెర మీదే అయినప్పుడు బూజు పట్టిన గోడల మధ్య పడి ఉండడానికి అమ్మానాన్నల చెమట ఎందుకు ధారపొయ్యాలి? చదువూ మానేశాను. ఆ మాట అమ్మకు నేనే చెప్పాను, అమ్మ ఏడ్చింది. ఏడుస్తుందని నిజాన్ని దాచిపెడితే ఆమెను మనిషిగా లెక్కచెయ్యనట్టే. ఫోన్ కూడా వదిలేశాను. జేబులో పెట్టుకుని తిరిగే సంకెల అది. మీకేమో మాట్లాడితే ఆయాసం, నాకేమో ఫోన్ లేదు. ఇద్దరికీ కాగితమే దిక్కు. జవాబు క్లిఫ్డెన్ పోస్టాఫీసుకు నా పేరున రాయండి, నేను వెళ్ళేదాకా దాచి ఉంచుతారు.

జనవరిలో అంబులెన్స్ ఎక్కుతూ బండి తాళం, కుక్క గొలుసు నా చేతిలో పెట్టారు. తాళం వాడుతున్నాను. గొలుసు చెత్తబుట్టలో వేశాను.

బండిలో మంచం పైన మీరు అతికించిన అమెరికా ఎడారి బొమ్మ చూసి నవ్వొచ్చింది. ఎర్ర కొండలు, ముళ్ళచెట్లు, ఒక చిన్న క్యాంపర్ బండి, పక్కన కుక్క. రిటైరయ్యాక పెద్దమ్మతో అక్కడ తిరగాలని కల. ఆ కల పేరు చెప్పి ఈ బండిని డ్రోహెడా ఇంటి ముందు పదేళ్ళు తుప్పు పట్టించారు! నేను మూడు వారాల్లో ఎడారికి వచ్చేశాను. బర్రెన్ అంటారు దీన్ని. చెట్టు లేదు, చూపు ఆనినంత మేర బూడిదరంగు రాయి. మీ ఎడారికి ఎండ ఉంది, దీనికి వాన ఉంది. అంతే తేడా.

దారిలో పోలీసు గార్డు ఆపాడు. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదట.

"ఇల్లెక్కడ?" అన్నాడు.

"ఇదే," అన్నాను. "దీనికి చక్రాలున్నాయి. నేనెక్కడ ఆగితే అక్కణ్ణించి ఐదు కిలోమీటర్లు."

నా వంక చూశాడు, జొన్న వంక చూశాడు. "ఆ అమ్మాయిలో గొర్రెల కుక్క రక్తం ఉంది. ఇది గొర్రెలు ఈనే కాలం. కట్టేసి ఉంచు," అన్నాడు.

"నిన్ను కట్టేస్తే ఒప్పుకుంటావా?" అన్నాను.

"మా ఆవిడ ముప్పై ఏళ్ళ కిందే కట్టేసింది. సరే, గ్రాండ్, పో," అని వదిలేశాడు.

జొన్న మెడ పట్టీ కూడా తీసేశాను. మీ ఫోన్ నంబరు చెక్కిన ఆ రేకుబిళ్ళ ఉంది చూశారూ, అది యాజమాన్యపు ముద్ర. ప్రాణికి పట్టా ఏమిటి? మొదటి మూడు రోజులు నా కాలు వదల్లేదు. బానిసకు తలుపు తీసినా గడప దాటడని ఒక కరపత్రంలో చదివాను. నాలుగో రోజు పరిగెత్తింది పెద్దనాన్నా. ఆ పరుగు మీరు ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చూసి ఉండరు.

నవదీప్


డ్రోహెడా, ఆస్పత్రి
15 మార్చి 2021

చిరంజీవి నవదీప్‌కు,

నువ్వు వద్దన్నా దీవిస్తున్న, ఏంజేస్తవో చెయ్.

ముక్కుల గొట్టమున్నది. మాట్లాడితే దగ్గు, రాస్తే దగ్గు లేదు. నీ ఉత్తరం చదువుకుంట నవ్వితే ఆక్సిజన్ మిషన్ కుయ్యిమన్నది, కేరళ నర్సు ఉరికొచ్చింది. "ఏమైంది అంకుల్" అంటే "మా పోరడు ఇంటికి చక్రాలు పెట్టిండు" అని చెప్పిన.

నీ కరపత్రం నీకు తొవ్వ జూపిస్తది గని గొర్రెను జూపియ్యదు. ఈ దేశంల గొర్రెల మీద పడ్డ కుక్కను రైతు కాల్చొచ్చు. కాల్చి గార్డులకు చెప్తే అయిపాయె, కేసు లేదు. జొన్న తల్లి మందకాడ పనిచేసిన కుక్క. అది గొర్రెను కొరకాలని ఉరకదు, మలపాలని ఉరుకుతది. చూసెటోనికి రెండూ ఒక్కతీరే కనవడ్తయి. పట్టీ ఎయ్యి బిడ్డా. అది పట్టా కాదు, అడ్రసు. తప్పిపోయినప్పుడు ఇంటికి తెచ్చేది.

మీ పెద్దమ్మ సంగతి నీకెరుకే. నిరుడు ఫిబ్రవరిల కరీంనగర్ పోయింది, విమానాలు బందైనయి, ఆన్నే చిక్కుకపోయింది. రోజు పొద్దుమీకి మెసేజ్ పెడ్తది: జొన్న తిన్నదా, నువ్వు తిన్నవా. గదే వరుస. ముందుగాల జొన్న, ఎనుక నేను. తిన్నదంటా, తిన్ననంటా. మా సంసారమంతా ఇప్పుడు గా రెండు మాటలల్లనే ఉన్నది. అది పెట్టిన పేరే గద జొన్న అని, జొన్నరొట్టె రంగున్నదని.

ఎడారి బొమ్మ చింపకు. ఇంకా పోతం.

పెద్దనాన్న


క్లిఫ్డెన్
29 ఏప్రిల్ 2021

పెద్దనాన్నా,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. ఇంతకంటే మెత్తగా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

పెద్దమ్మ ఇరవయ్యో తారీఖున చనిపోయింది. కరోనా. ఆక్సిజన్ మంచం కోసం మూడు ఆస్పత్రులు తిప్పారు. మూడో ఆస్పత్రి గేటు ముందు, ఆటోలోనే పోయింది. మునిసిపాలిటీ వాళ్ళు తీసుకెళ్ళారు. మనవాళ్ళెవరినీ దగ్గరికి రానివ్వలేదు.

లీక్స్‌లిప్ నుంచి శ్రీలేఖక్క రాసింది. మీ అన్న కూతురే కదా, మీరంటే ఆమెకు ప్రాణం, ఆ ప్రాణంతోనే మిమ్మల్ని మోసం చేస్తోంది. "బాబాయికి ఎవ్వరూ చెప్పొద్దు. గొట్టం తీసి ఇంటికొచ్చాక అందరం పక్కన కూచుని చెబుదాం. అప్పటిదాకా పిన్ని ఫోన్ నుంచి రోజూ మెసేజ్ వెళ్తుంది." ఇవి ఆమె మాటలే, అక్షరం మార్చలేదు. ఆ మెసేజ్‌లు పెడుతున్నది ఎవరో తెలుసా? కరీంనగర్‌లో నా సొంత చెల్లెలు సుధేష్ణ. జొన్న తిన్నదా, నువ్వు తిన్నవా! తొమ్మిది రోజులుగా మీరు చచ్చిపోయిన మనిషికి తిన్నానని చెబుతున్నారు. పెద్దమ్మకు గొంతు పట్టేసింది, మాట్లాడొద్దన్నారని చెబితే నమ్మారట కూడా.

మన జాతిలో పుట్టిన పెద్ద జబ్బు ఇది. కడుపుతో ఉన్నామెకు చెప్పరు, గుండెజబ్బు మనిషికి చెప్పరు, పరీక్షలున్న పిల్లలకు చెప్పరు. దుఃఖం కూడా ఎవరికి ఎప్పుడు పంచాలో వీళ్ళే నిర్ణయిస్తారు! నిజం చెప్పకపోవడం ప్రేమ కాదు, మనిషిని అవమానించడం. మీ భార్య చావు మీది. దాన్ని మీ దగ్గర దొంగిలించే హక్కు ఎవరికీ లేదు. అందరూ నన్ను తిడతారని తెలుసు. తిట్టనివ్వండి.

మీరు కోపంతో లేవాలి. ఏడవడం కాదు, కోపం రావాలి. దేశమంతా గాలి దొరక్క చస్తుంటే మెసేజ్‌లు పెట్టుకునే వాళ్ళ మీద రావాలి.

ఇకపై వెస్ట్‌పోర్ట్ పోస్టాఫీసుకు రాయండి. నేను లీనాన్ కొండల మీదుగా పైకి వెళ్తున్నాను. జొన్న బాగుంది.

నవదీప్


డ్రోహెడా, ఆస్పత్రి
5 మే 2021

నవదీప్‌కు,

అందింది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు టిఫిన్ బల్ల నా ముందటున్నది. నర్సు "ఇంటి నుంచి మంచి కబురా అంకుల్" అన్నది. అవునన్న. ఎందుకన్ననో తెల్వదు. మల్ల ఆ రాత్రి గొట్టం పెద్దది పెట్టిండ్రు.

మెసేజ్‌లు వస్తనే ఉన్నయి. నాకు తెలిసిందని ఎవ్వలకు చెప్పలె. నువ్వూ చెప్పకు.

నాకు కోపం రాలె. నువ్వు రావాలన్నవు గని రాలె. ఒక్కటే అనిపించింది. ఇగ నాకు నిజం చెప్పెటోనివి నువ్వొక్కనివే. శ్రీలేఖ వచ్చి ఎవ్వలన్న బతికున్నరని చెప్పినా నేను నమ్మ. నువ్వు చెప్తే నమ్ముత.

మీ పెద్దమ్మ దమయంతి చెయ్యి తాకింది ఇగ జొన్న ఒక్కటే. డాక్టరు ఈ గొట్టంతోటి ఇంక రెండు నెలలు ఉండాలంటున్నడు. ఆ రెండు నెలలు నేను ఎవ్వలకోసం ఊపిరి పీల్చాల్నో నువ్వే చెప్పు. వారం వారం జొన్న గురించి రాయి. ఏం తిన్నది, ఏడ పన్నది, అంతే. నీ విప్లవం నాకొద్దు.

పట్టీ ఎయ్యి.

పెద్దనాన్న


లీనాన్ దగ్గర
12 మే 2021
[ఈ ఉత్తరం పోస్టు చెయ్యలేదు]

పెద్దనాన్నా,

మీ ఉత్తరం ఇవాళ వెస్ట్‌పోర్ట్‌లో తీసుకున్నాను. ఐదారు రోజులుగా అక్కడే ఉందట. మొన్న చదివి ఉంటే పట్టీ వేసేవాణ్ణేమో. లేదు, అబద్ధం. వేసేవాణ్ణి కాదు.

జొన్నను మొన్న, సోమవారం పొద్దున కాల్చేశారు.

కొండవాలున బండి ఆపాను. వాన సన్నగా పడుతోంది. కింద కంచెలో గొర్రెలు, పిల్లలు. తలుపు తీశాను, ఎప్పటిలాగే. జొన్న నేలకు ఆనుకుని, తోక దించి, ఒక చాపం గీసినట్టు పరిగెత్తింది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. గొర్రెలన్నీ ఒక మూలకు చేరి గుమిగూడాయి, రెండు పిల్లలు ముళ్ళతీగలో ఇరుక్కున్నాయి. అప్పుడు కనిపించాడు ముసలాయన, గోడ అవతల, తుపాకీతో.

నేను అరిచాను. జొన్నా, ఆగు అని.

ఆగింది పెద్దనాన్నా. నేను పిలిస్తే ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి, నా వంక చూస్తూ నిలబడింది. పరుగులో ఉంటే ఆయనకు గురి దొరికేది కాదు.

గేటు దాకా వెళ్ళాను. ఆయన తుపాకీ గోడకు ఆనించి జొన్న పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళలేదు. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాను. పట్టీ లేదు, నంబరు లేదు, అది ఎవరి కుక్కో ఎవరికీ తెలియదు.

నిజం చెప్పకపోవడం మనిషిని అవమానించడమని మీకు రాశాను. ఆ వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. ఇప్పుడు చెబుతున్నాను కదా, ఇది చదివి మీరు


వెస్ట్‌పోర్ట్
14 మే 2021

పెద్దనాన్నా,

జొన్న క్షేమం. పట్టీ వేశాను. ఇక్కడ ఒక పొడుగాటి తీరం ఉంది, పొద్దున్నే ఎవరూ ఉండరు. అల వెనక్కి పోతే వెంట పరిగెడుతుంది, అల ముందుకొస్తే మొరుగుతూ వెనక్కి వస్తుంది. అన్నం, గుడ్డు కలిపి పెడితే గిన్నె నాకేసింది. మీ మంచం మీదే పడుకుంటోంది, ఎడారి బొమ్మ కింద.

మీరు తినండి. ఊపిరి కసరత్తులు మానొద్దు. తెరిపిన పడతారు.

విప్లవం గురించి రాయను.

నవదీప్


డ్రోహెడా, ఆస్పత్రి
27 మే 2021

నవదీప్‌కు,

పోయిన వారంది, అంతకు ముందుది, నీ రెండు ఉత్తరాలు అందినయి. ఎంత మంచిగ రాసినవురా. అల ఎంట ఉరుకుతదన్నది నాలుగుసార్లు చదివిన. నీళ్ళంటే దానికి పుట్టుక నుంచి భయం, బకెట్ జూస్తేనే మంచం కిందికి పోయేది. సముద్రం దాన్ని మార్చినట్టున్నది. నువ్వే మార్చినవు. స్వేచ్ఛ అంటివి గద.

నర్సుకు చదివి ఇంగ్లీషుల చెప్పిన. "యు ఆర్ లక్కీ అంకుల్" అన్నది.

ఒక్క పనిచెయ్. దాని కాలి అచ్చు తీసి పంపు. ముందు ఎడమ కాలు. సిరా పూసి కాయితం మీద ఒత్తితే అయిపాయె. మంచానికి ఎదురుంగ అంటిపెట్టుకుంట. నిద్రల ఎనుక కాలు కొట్టుకుంటదా ఇంకా? దమయంతి గొంతు గుర్తున్నదా దానికి? పాత ఫోన్ల దమయంతి పిలిచిన వీడియో ఒకటున్నది గని నీకు ఫోన్ లేకపాయె.

అందరు అబద్ధాలోల్ల నడుమ నువ్వొక్కనివి దొరికినవు బిడ్డా. గా మాట రోజుకొక్కసారన్న అనుకుంట.

పెద్దనాన్న


వెస్ట్‌పోర్ట్
5 జూన్ 2021

పెద్దనాన్నా,

కాలి అచ్చు దీంతో పంపుతున్నాను. సిరా నాకేసింది, రెండోసారికి కుదిరింది. కొంచెం అలికినట్టుంటే ఏమనుకోకండి, కుదురుగా నిలబడదు కదా.

నిద్రలో వెనక కాలు కొట్టుకుంటుంది, అవును. పెద్దమ్మ పేరు చెబితే చెవులు నిక్కబొడుచుకుంటుంది.

గొట్టం తీస్తారన్నారు, ఎప్పుడు? ఇంటికి వెళ్ళాక ఉత్తరాలు అక్కర్లేదేమో. జొన్నకు ఇక్కడ బాగా అలవాటైపోయింది. ఒక రైతు కుటుంబం దాన్ని చాలా ఇష్టపడుతోంది, పిల్లలున్న ఇల్లు. దాన్ని మళ్ళీ డ్రోహెడా గోడల మధ్యకు తేవడం న్యాయమా అని ఆలోచిస్తున్నాను. మీరే చెప్పండి.

నవదీప్


డ్రోహెడా, ఇల్లు
20 జూన్ 2021

నవదీప్‌కు,

గొట్టం తీసిండ్రు. ఇంటికొచ్చిన. శ్రీలేఖ నలుగురిని పిలుచుకొచ్చి, నా చెయ్యి పట్టుకొని, దమయంతి పోయిందని చెప్పింది. అప్పుడే తెలిసినట్టు ఏడ్చిన. దానికి తృప్తయింది.

కాలి అచ్చు ఎదురుంగనే ఉన్నది. ఏ కుక్కదో గని పాపం, గోర్లు పెద్దగున్నయి. జొన్నకు ముందు ఎడమ కాలికి ఒక వేలు లేదు. పిల్లప్పుడు కారు తలుపుల పడ్డది. మూడు వేళ్ళే. నాలుగు నెలలు నీ కాళ్ళకాడ పన్నది గద, దానికి స్వేచ్ఛ ఇచ్చినోనివి, ఎన్నడన్న దాని కాలు జూసినవా?

మే పదకొండు, మంగళవారం, పొద్దున ఫోనొచ్చింది. లీనాన్ నుంచి గార్డు. నేను బతుకంతా లీక్స్‌లిప్ ఫ్యాక్టరీల చిప్పులు చేసినోన్ని, నా కుక్క తోలు కింద నా నంబరున్న చిప్పు పెట్టించకుంట ఉంటనా? గార్డు మెల్లగ చెప్పిండు. మంచోడు. ఎనుక రైతుకు ఫోనిచ్చిండు. ఒంటిగ బతికే ముసలాయన, నా ఈడోడే. సారీ అన్నడు, మల్ల మల్ల అన్నడు. నువ్వు పిలిస్తే ఆగిందంట గద, అదే చెప్పిండు. "ఆగకపోతే కొట్టకపోదును, ఆగంగనే వేలు నొక్కుకున్నది" అన్నడు. పోరడు గేటు కాడ వానల గంటసేపు నిలబడి, లోపలికి రాకుండ పోయిండన్నడు. పాతిపెట్టాల్నా అని అడిగిండు. తల దక్షిణం దిక్కు పెట్టుమన్న. ఎందుకని అడగలె, పెట్టిండు. దమయంతి తల ఏ దిక్కు పెట్టిండ్రో నాకు తెల్వదు. జొన్నది తెలుసు.

మూడు రోజులకు నువ్వు రాసినవు, జొన్న క్షేమం అని.

నిజం రాస్తవేమోనని చూసిన. ఒక్కొక్క ఉత్తరం చింపేముందు అనుకున్న, ఈసారి రాస్తడు. అందుకే అడిగిన. కాలు అడిగిన, నిద్ర అడిగిన, దమయంతి పేరడిగిన. ఎంత అడిగితే అంత కల్పించినవు. ఆఖరికి దానికి పిల్లలున్న ఇల్లు కూడ చూసినవు! నా పెండ్లాం చావు తొమ్మిది రోజులు ఆపలేకపోతివి గదరా, కుక్క చావు నలభై రోజులు ఎట్ల మోసినవు? బరువనిపించిందా? నాకు సంతోషమైంది. నీకు బరువైన ప్రతి వారం నాకు కొంచెం ఊపిరాడింది. డాక్టరు ఎట్ల తేరుకున్నవని అడిగితే ఎదురుంగ ఉన్న కాలి అచ్చు జూపించిన.

ఇగ విను. బండి తేవద్దు. నువ్వు రావద్దు, ఈ గుమ్మం ముందట నిన్ను చూడ. సుధేష్ణకు ఫోన్ చేసి చెప్పిన, పొద్దుమీకి మెసేజ్ ఆపొద్దని. పిల్ల ఏడ్చింది, ఆపనన్నది. నిన్న గూడ వచ్చింది: జొన్న తిన్నదా, నువ్వు తిన్నవా. నేను తిన్ననని నేను చెప్పగలుగుత. జొన్న సంగతి నాకెట్ల తెలుస్తది?

వారం వారం రాయి. నేను బతికున్నన్ని రోజులు రాయి. ఆగినవంటే మీ అమ్మకు, చెల్లెకు, శ్రీలేఖకు అందరికి ఒక్కొక్క ఉత్తరం పోతది, నీ రాతతోటి ఉన్నవే.

ఈసారి నీళ్ళల్ల దింపకు. దానికి భయం.

పెద్దనాన్న


బాలివాన్
28 జూన్ 2021

పెద్దనాన్నా,

మళ్ళీ రాళ్ళ ఎడారికి వచ్చాం. మీకు మొదటి ఉత్తరంలో రాసిన చోటుకే.

పట్టీ వేసి ఉంది. గొలుసు కొత్తది కొన్నాను, తోలుది. ఉదయం రాళ్ళ మధ్య నీటిగుంట పక్కనుంచి తీసుకెళ్ళాను, దూరంగానే, భయపడలేదు. తరవాత వాన ఆగి ఎండ వచ్చింది. తడి రాయి మీద ముందు ఎడమ కాలి అచ్చు పడింది. మూడు వేళ్ళు. అది ఆరిపోయేదాకా కూర్చుని చూశాను.

పెద్దమ్మ అడిగితే చెప్పండి. జొన్న తిన్నది.

నవదీప్